ఎండిన చేను ఏ పార్టీది?

కరువు ఏడాదిలో ఏ పేపర్ చదవాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. అధికారంలో ఎవరున్నారో చూడండి, వాళ్ళకి పడని పేపర్ కొనండి. మీకు నచ్చిన పార్టీయే అధికారంలో ఉంటే మరీ ముఖ్యంగా అదే కొనండి, ఒళ్ళు మండినా సరే. ఈ మాట అన్నందుకు మా వీధి చివర టీ కొట్టు దగ్గర రెండు పార్టీల వాళ్ళూ నన్ను తిట్టారు. ఒకాయన అమ్ముడుపోయావన్నాడు, ఇంకొకాయన నువ్వెప్పుడో అమ్ముడుపోయావులే అన్నాడు. అయినా ఈ మాట దగ్గరికి రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, మధ్యలో మా బావ చేను ఒకటి ఎండిపోవాల్సి వచ్చింది, కాబట్టి అంత తేలిగ్గా వదులుకోను.

ఆ సంగతి ఏ ఏడు జరిగిందో చెప్పను. చెబితే అప్పుడు ఎవరి ప్రభుత్వమో లెక్కేసి, నేను ఏ పార్టీవాణ్ణో తేల్చేసి, మిగతాది చదవడం మానేస్తారు. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు, నేనూ అలా చదివినవాణ్ణే.

మార్చి నెల. నేను రాజమండ్రిలో ఉంటున్నాను. పొద్దున్నే మా ఇంటికొచ్చే పేపర్ తీస్తే జిల్లా పేజీలో పెద్ద ఫొటో. పచ్చటి వరి, వెనక కొబ్బరిచెట్లు, పైన 'ఎండింది ఎక్కడ?' అని హెడ్డింగు. ముందురోజు ఇంకో పేపర్ అదే ఊళ్ళో చేలు ఎండిపోయాయని నెర్రెలిచ్చిన నేల ఫొటో వేసిందట, దానికి ఇది సమాధానం. నాకు భలే ముచ్చటేసింది. దాన్ని ఫోన్లో తీసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'చూశారా, ఎలా అబద్ధాలు రాస్తారో ఆ పేపర్ వాళ్ళు' అని ఒక నవ్వు బొమ్మ కూడా తగిలించాను. పది నిమిషాల్లో ముగ్గురు బొటనవేలు ఎత్తారు. ఆ తర్వాత మా అత్త, ఎప్పుడూ దేవుడి బొమ్మతో గుడ్ మార్నింగ్ తప్ప ఇంకేమీ పెట్టని మనిషి, ఒక్క లైను పెట్టింది. 'ఆ ఎండిన చేను మన అబ్బాయిదే నాన్నా.'

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. మా బావ ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు మూడెకరాలు కౌలుకి చేస్తాడు. శివారు భూమి. డెల్టా అంటే బయటివాళ్ళ కళ్ళముందు ఒక బొమ్మ ఉంటుంది కదా, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852కి పూర్తిచేసిన ఆనకట్ట, దాని బదులు ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ, అక్కణ్ణుంచి తూర్పు, పశ్చిమ, మధ్య డెల్టాలకి కాలువలు, పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు, ఎటు చూసినా పచ్చదనం. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ కాలువకి తల ఉన్నట్టే తోకా ఉంటుంది. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, తల దగ్గరివాడికీ తోక దగ్గరివాడికీ పెద్ద తేడా ఉండదు, ఇంకా మునిగితే తోకవాడే ముందు మునుగుతాడు. తేడా అంతా దాళ్వాలో, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటలో. వానాకాలం పోయాక గోదావరిలో మామూలుగా పారే నీళ్ళు తగ్గిపోతాయి, అప్పుడు మాకు దిక్కు సీలేరు. అక్కడ కరెంటు తీసి వదిలిన నీళ్ళు కిందికొస్తేనే కాలువలు నిండేది. కొండల్లో టర్బైన్ ఎంతసేపు తిరిగిందన్న దాని మీద సముద్రం ఒడ్డున మా అన్నం ముద్ద ఆధారపడి ఉంటుందంటే హైదరాబాద్ స్నేహితులెవరూ నమ్మరు.

బస్సు దిగగానే పచ్చ చేను కనిపించింది. పేపర్లో ఫొటో అదే, వెనక కొబ్బరిచెట్లతో సహా. రోడ్డు పక్కన, తూముకి దగ్గర. బావ చేను దానికి నాలుగు బోదెలు (పిల్లకాలువలు) అవతల. గట్టు మీద పది నిమిషాలు నడిస్తే ఆకుపచ్చ మెల్లగా పసుపులోకీ, పసుపు గోధుమరంగులోకీ తిరుగుతుంది. చివర్లో నేల చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి ఉంది, వరి పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. వరి చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొట్ట మీద నీళ్ళు తప్పితే వెన్ను బయటికొచ్చినా గింజ లేని తాలే మిగిలేది.

'రెండు ఫొటోలూ మన ఊరివే బావా,' అన్నాడు. 'రెండూ నిజమే. ఫొటో తీసినతను నన్ను తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చోమన్నాడు, నాకేమో నవ్వొచ్చింది. నవ్వితే ఫొటో పాడైపోద్దన్నాడు.'

నేను పెట్టిన నవ్వు బొమ్మ గురించి అతను మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రాత్రి కాలువ నీళ్ళకి మా వంతు. పదకొండింటికి నీళ్ళు రావాలి. రెండయినా బోదెలో బురద తప్ప ఏమీ లేదు, పైన ఎవరో తూములో గడ్డి కుక్కేశారు. వాణ్ణి తిడదామంటే వాడిదీ పొట్ట మీదున్న చేనే. బావ లేచి అద్దెకి తెచ్చిన ఆయిల్ ఇంజను దగ్గరికి వెళ్ళాడు, మురుగు కాలువ గట్టున పెట్టి ఉంది. ఇంజను తిప్పలేదు. ముందు గట్టు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాలిక్కి తగిలించి ఉమ్మేశాడు. 'ఉప్పు. సముద్రం పోటు మీదుంది.' మళ్ళీ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నాలుగింటికి ఇంకోసారి దిగి రుచి చూసి, 'ఫర్లేదు' అని అప్పుడు ఇంజను వేశాడు. నేనూ ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూశాను. సముద్రం నీళ్ళంత కాదు, చేపల పులుసులో ఉప్పు ఒక పిడికెడు ఎక్కువైనట్టు. అవి పెట్టినా పంటకి దెబ్బే, పెట్టకపోయినా దెబ్బే, ఎంత ఉప్పయితే ఎంత దెబ్బో ఆ నాలికకే తెలియాలి.

ఆ ఉప్పు రెండు పేపర్లలోనూ రాలేదు. ఒక పేపర్ మంత్రిని తిట్టింది, ఇంకో పేపర్ ఆ తిట్టిన పేపర్‌ని తిట్టింది. రెండూ మా ఊరి మీదుగా ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.

అసలు తమాషా తర్వాత జరిగింది. వార్త వచ్చిన నాలుగో రోజు చేలు చూడ్డానికి ఇద్దరు వచ్చారట. లాకుల దగ్గర గేజి (నీటిమట్టం) ఎంతుంది, వంతు ఎన్నిసార్లు తప్పింది, ఇవేమీ అడగలేదు. 'ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా' అన్నారు. 'ఆయ్, నేనేనండి' అన్నాడు. 'ఎవరు తియ్యమన్నారు? మీరు ఏ పార్టీ?' అదీ విచారణ. ఆ ఏడు అతనికి పరిహారంగా పైసా రాలేదు. భూమి ఇంకొకాయన పేరున ఉంది, కాబట్టి ఒకవేళ వచ్చినా ఎవరికొచ్చేదో ఊహించుకోవచ్చు.

పక్షపాతం అన్న మాట ఏం పని చేస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. అది నిజమా అబద్ధమా అన్నది పక్కన పెట్టండి. ఆ మాట అనేశాక ఇంక చేను చూడక్కర్లేదు. పేపర్ ఏ పార్టీదో తేలిపోయింది, ఫొటోలో మనిషి ఏ పార్టీవాడో కూడా తేలిపోతే పని అయిపోయినట్టే.

మన పత్రికలకి పార్టీ రంగు లేదని వాదించడానికి నేను రాలేదు. అంత అమాయకత్వం తెలుగు పాఠకుడికి ఎప్పుడో పోయింది. విశాఖలో 1974లో మొదలైన ఈనాడు 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ వైపు ఎంత గట్టిగా నిలబడిందో అందరూ ఎరిగిందే. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా 'ఆ రెండు పత్రికలు' అన్న మాట ఎంతగా పాపులర్ అయిందంటే, పేర్లు చెప్పకుండానే పల్లెటూళ్ళో ముసలమ్మలకి కూడా తెలిసిపోయేది. 2008 మార్చిలో సాక్షి వచ్చింది, అది ఎవరి కుటుంబానిదో దాచుకున్నదేమీ లేదు. తర్వాత పచ్చ మీడియా, బులుగు మీడియా అని రంగులు కూడా వేసేసుకున్నాం. ఒక రకంగా ఇది నయమే. ఢిల్లీ పేపర్లు ఎటు మొగ్గుతున్నాయో కనిపెట్టడానికి సంపాదకీయాలు భూతద్దంతో చదవాలి, మన దగ్గర మొదటి పేజీ దూరం నుంచి చూస్తే చాలు.

కాబట్టి ఏ పేపర్ ఎంత అబద్ధం రాసిందని నేను వెతకను. అది ఏ ఏళ్ళలో నోరు మూసుకుందో వెతుకుతాను. అబద్ధం దొరకడం కష్టం, ఎందుకంటే చాలాసార్లు రాసింది నిజమే ఉంటుంది. ఐదేళ్ళపాటు ఒక పేపర్‌కి శివారు ఆయకట్టు కనిపిస్తుంది, ప్రభుత్వం మారగానే కళ్ళకి పొర కమ్ముతుంది. సరిగ్గా అదే రోజున రెండో పేపర్‌కి ఆపరేషన్ అయినట్టు చూపు వచ్చేస్తుంది. కాలువ అదే, నీళ్ళు వదిలే లస్కరు అదే, తూములో గడ్డి కుక్కేవాడు కూడా అదే మనిషి.

దీనికి మంచి ఉదాహరణ కరువు మండలాల లెక్క. 2023లో ఆగస్టు నెల, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నంతలో అంత పొడి ఆగస్టు లేదు. ఆ ఖరీఫ్‌కి మన రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో 103 మండలాలని కరువు మండలాలుగా ప్రకటించారు. ఇంతేనా అని ఒక పక్క గగ్గోలు, కరువు లేకపోయినా ఉందని ఏడుస్తున్నారని ఇంకో పక్క ఎదురుదాడి. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం మారింది, 2024 అక్టోబరులో 54 మండలాలు ప్రకటించారు. ఈసారి ఎవరు ఇంతేనా అన్నారో, ఎవరు ఎదురుదాడి చేశారో చెప్పడానికి పంచాంగం చూడక్కర్లేదు. ఈ గొడవలో రెండు వైపులా ఒక్క ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు, అసలు ఆ మండలాన్ని కరువు మండలం అనడానికి కొలత ఏమిటని.

కొలత ఉంది. 2016 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ తెచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ముందు వాన సంగతి తేలాలి. మామూలుగా పడాల్సిన దానికన్నా ఎంత లోటు, వరుసగా ఎన్ని వారాలు వాన లేదు, ఇదీ మొదటి గడప. అది దాటితే సాగు ఎంత విస్తీర్ణంలో జరిగింది, ఉపగ్రహం ఫొటోల్లో పచ్చదనం ఎంతుంది, నేలలో తేమ ఎంత, జలాశయాలూ భూగర్భజలాలూ ఎలా ఉన్నాయని చూస్తారు. ఆ తర్వాత కొన్ని ఊళ్ళు ఎంచుకుని పొలాల మీదికి వెళ్ళి సరిచూడాలి. పంట 33 శాతమో అంతకన్నా ఎక్కువో పోతే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పెట్టుబడి సాయం, 2015కి ముందు అది 50 శాతం ఉండేది.

ఇప్పుడు మా బావ చేను తెచ్చి ఈ కొలత కింద పెట్టండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోనసీమలో మామూలుగానే వాన పడేది అంతంతమాత్రం. అసలు పడాల్సిందే ఏమీ లేనప్పుడు లోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? వాన లెక్కలో మా మండలం బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండింది వాన లేక కాదు, కాలువ రాక. దానికి సర్కారు భాషలో కరువు అన్న పేరు లేదు, 'నీటి ఎద్దడి' అంటారు. ఎద్దడికి వంతులు వేస్తారు, మురుగు కాలువల మీద అడ్డుకట్టలు వేస్తారు, సమీక్షా సమావేశాలు పెడతారు. సబ్సిడీ దగ్గరికి వచ్చేసరికి మా ఊరు అన్నపూర్ణ. ఇందులో ఏ పార్టీ కుట్రా లేదు, ఎవరు ఉన్నా అంతే. అందుకే ఏ పేపరూ రాయదనుకుంటాను, తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు కదా.

ఇదంతా టీవీలూ ఫోన్లూ వచ్చాక పట్టిన జబ్బని నేను చాలాకాలం అనుకున్నాను. ధాత కరువు గురించి చదివాక ఆ అభిప్రాయం పోయింది. 1876లో మొదలై మద్రాసు ప్రెసిడెన్సీని, మన రాయలసీమని ఊడ్చేసిన కరువు అది. వైస్రాయ్ లిట్టన్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపాడు, మద్రాసువాళ్ళు కరువుని పెద్దది చేసి చెబుతున్నారేమో, ఖర్చు ఎక్కువ చేస్తున్నారేమో చూసి రమ్మని. ఈ టెంపుల్‌నే అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ఖర్చు మితిమీరి చేశావని తిట్టారు, పాపం ఆ మచ్చ కడుక్కోవాలిగా. కరువు పనుల్లో మనిషికి రోజుకి ఒక పౌను గింజలూ చిల్లర డబ్బులూ చాలన్నాడు. అర కిలో కూడా కాదు. అది పస్తుతో సమానమని మద్రాసులో శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ లెక్కలు కట్టి గొడవపడ్డాడు. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఆ కూలిని తూర్పారబట్టాడు. డిగ్బీ ప్రభుత్వానికి పడని మనిషే, తర్వాత రాజకీయాల్లోకి కూడా వెళ్ళాడు. అయితే ఏం? పౌను పౌనే. మనిషి పార్టీ తెలిసినంత మాత్రాన గింజలు పెరగవు.

ఆ కరువులో మా డెల్టా గింజలు బయటికి పంపిన నేల. అంతకు ముందు, ఆనకట్ట లేనప్పుడు, 1832-33లో డొక్కల కరువు మాకూ తప్పలేదు గానీ, కాలువలు వచ్చాక మేం దాన్ని మర్చిపోయాం. కరువంటే అనంతపురం అని మాకొక నమ్మకం. పేపర్ల పక్షపాతం గురించి ఇంత రాస్తున్నాను గానీ, ఈ పక్షపాతం నాది, మా ఊళ్ళది. పచ్చ ఫొటో చూడగానే నేను నవ్వింది పార్టీ మీద అభిమానంతో ఒక్కటే కాదు. గోదావరి జిల్లాలో చేను ఎండడమేంటి అన్న పొగరు కూడా ఉంది అందులో.

విలేకరుల్ని కూడా పూర్తిగా తిట్టబుద్ధి కాదు. మండలంలో వార్త రాసేవాడికి జీతం ఉండదు, ఉన్నా అది పెట్రోలుకి చాలదు. అచ్చయిన వార్తల కొలత మీద ఇచ్చే డబ్బు అది. పైగా పండక్కీ, నాయకుల పుట్టినరోజులకీ యాడ్స్ తేవాలి. ఆ యాడ్ ఇచ్చేది ఎవరు? రొయ్యల చెరువులున్నాయన, రైస్ మిల్లాయన, పార్టీ మండల అధ్యక్షుడు. కాలువ పైన అక్రమంగా మోటార్లు పెట్టి చెరువులు నింపుకునేది కూడా తరచూ ఆ బాపతే. నాకు తెలిసిన ఒకాయన రెండు పేపర్లకీ, ఒకదాని తర్వాత ఒకటి, పన్నెండేళ్ళు రాశాడు. 'వార్త ఒకటేనండి, విశేషణాలు మార్చుకోవాలంతే' అంటాడు. చెరువుల సంగతి ఎప్పుడు రాశారని అడిగితే టీ చల్లారిపోతోందన్నాడు.

ఇక్కడే నా సలహాకి గండి పడుతుంది, నాకు తెలుసు. ప్రభుత్వానికి పడని పేపర్ మంత్రిని పట్టుకుంటుంది గానీ కౌలు రైతుని పట్టుకోదు. ఎకరం ఎండితే పదెకరాలంటుంది. ఒక్కోసారి కోతకి ముందు ఆరబెట్టిన చేల ఫొటో వేసి కరువంటుంది, చూడ్డం తెలియనివాడికి రెండూ ఒకేలా ఉంటాయి. (వెన్ను బంగారం రంగులో వంగి ఉంటే అది కోతకొచ్చిన చేను. వెన్ను నిటారుగా, తెల్లగా నిలబడితే ఏడవచ్చు.) ఆ అతికి నష్టం కూడా ఉంది, ఇంకో ఏడు నిజంగా ఎండినప్పుడు నాలాంటివాడు నవ్వు బొమ్మ పెడతాడు. అయినా నా మాట మార్చుకోను. పదెకరాలని రాస్తే వెళ్ళి చూసి తొమ్మిది కొట్టేసుకోవచ్చు. అసలు రాయనే రాయకపోతే ఏ బస్సెక్కాలో కూడా తెలీదు.

2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నప్పుడు దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారని దేశమంతా రాశారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ కూడా వేసింది. అప్పుడు సమస్య నీళ్ళు లేకపోవడం కానే కాదు, ధర, కూలీల కొరత, పూడిపోయిన మురుగు కాలువలు. 2022లో మళ్ళీ అదే ప్రాంతంలో అదే మాట వినిపిస్తే, ఈసారి దీని వెనక ఎవరున్నారన్న దాని మీదే మా టీ కొట్టులో చర్చంతా నడిచింది. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క గురించి ఒక్కడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అప్పుడు నేను మా ఇంటికొచ్చే పేపర్ మనిషిని.

ఇప్పుడు ఇంటికి రెండు పేపర్లూ వేయించుకుంటున్నాను. మా ఆవిడ డబ్బు దండగ అంటుంది, వంటింట్లో డబ్బాల కిందకి పనికొస్తాయని ఊరుకుంది. కానీ దాళ్వా రోజుల్లో నేను పొద్దున్నే ముందు చూసేది అవి రెండూ కాదు. లాకుల దగ్గర గోడ మీద నల్లరంగుతో అంకెలు వేసి ఉంటాయి, నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పేవి. బావ సైకిల్ మీద అటు వెళ్ళినప్పుడల్లా దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, మాటేమీ రాయడు. నీళ్ళ మీద తేలే కొబ్బరి మట్ట, పాచి, మధ్యలో ఒక అంకె. దాన్ని నేను తేదీతో ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. రెండు దాళ్వాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ వారం పైన ఎవరు లాగేసుకున్నారో దాదాపు చెప్పేయొచ్చు. ఒక విలేకరికి ఆ నోటుబుక్కు చూపిస్తే ఆసక్తిగా తిరగేసి, 'బావుందండి, ఫొటో ఏమైనా ఉందా, రైతుది?' అన్నాడు.

ఇది రాసేముందు బావకి ఫోన్ చేశాను. నీ చేను ఫొటో, అప్పుడు అచ్చయింది, ఇందులో పెట్టుకోనా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు, వెనకాల ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

'రాసుకో బావా, ఫొటో వద్దు. మళ్ళీ ఎవడో వచ్చి ఏ పార్టీ అంటాడు.'